కామిక్స్ సినిమాలకు వేల కోట్లు.. కామిక్ పుస్తకాలకు మాత్రం ఎందుకీ గతి? పబ్లిషర్లు ఫ్యాన్స్‌కు ఎక్కడ దూరమయ్యారు?

• 1991లో ఒక్క సంచికకు 80 లక్షల కాపీల ఆర్డర్లు.. ఇప్పుడు లక్ష దాటితే పండగే
• పబ్లిషర్ లెక్కలో 'సేల్' అంటే షాపు పెట్టిన ఆర్డర్.. పాఠకుడు కొన్న కాపీ కాదు
• పెళ్లి రద్దు, క్లోన్ గొడవ, మళ్లీ మళ్లీ నంబర్ 1.. ఫ్యాన్స్‌కు విసుగు తెప్పించిన నిర్ణయాలు
• బొమ్మల కథలు చదివేవాళ్లు తగ్గలేదు.. మాంగా వైపు, పుస్తకాల షాపుల వైపు వెళ్లిపోయారు
• 2024లో ఫ్యాన్స్ అడిగింది ఇవ్వగానే సీన్ మారింది

అవెంజర్స్: ఎండ్‌గేమ్ గుర్తుంది కదా? 2019 ఏప్రిల్‌లో రిలీజైన ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 280 కోట్ల డాలర్లు వసూలు చేసింది. తెలుగు వెర్షన్‌లో థానోస్‌కు రానా దగ్గుబాటి గొంతు ఇచ్చారు. ఐరన్‌మ్యాన్ అంటే ఎవరో మన పల్లెటూళ్లలో పిల్లలు కూడా చెప్పేస్తారు.

మరి ఆ హీరోలంతా ఎక్కడ పుట్టారు? నెలనెలా వచ్చే పల్చటి కామిక్ పుస్తకాల్లో. అలాంటి పుస్తకం ఇవాళ అమెరికాలో లక్ష కాపీలు దాటితే సూపర్ హిట్ కింద లెక్క. అదీ 33 కోట్లకు పైగా జనాభా ఉన్న దేశంలో! 1965లో సూపర్‌మ్యాన్ పుస్తకం సగటున ఒక్కో సంచిక 8 లక్షల కాపీలకు పైనే అమ్ముడుపోయేది.

సినిమా చూసే జనం కోట్లలో ఉంటే, పుస్తకం కొనే జనం వేలల్లో ఎందుకున్నారు? టీవీలు, ఫోన్లు వచ్చాయి కాబట్టి అని తేల్చేయొచ్చు. కానీ అదే ఫోన్ల కాలంలో జపాన్ మాంగా పుస్తకాలు అమెరికాలోనే దూసుకుపోతున్నాయి. అంటే తేడా ఇంకెక్కడో ఉంది. అదేంటో వివరంగా చూద్దాం.

ముందు ఓ క్లారిటీ.. ఏ 'కామిక్' గురించి ఈ గొడవ?

బొమ్మల్లో కథ చెప్పే పుస్తకాలన్నీ కామిక్సే. అయితే అమెరికాలో ఇవి రెండు రకాలుగా అమ్ముతారు.

మొదటిది నెలవారీ సంచిక. స్టేపుల్ పిన్ను కొట్టిన పల్చటి పుస్తకం. కథ 20 పేజీలు ఉంటుంది, 'మిగతాది వచ్చే నెల' అంటూ ఆగిపోతుంది. దీన్ని ప్రధానంగా కామిక్ షాపుల్లోనే అమ్ముతారు.

రెండోది గ్రాఫిక్ నవల. పూర్తి కథ ఒకే పుస్తకంగా, లేదా ఐదారు నెలవారీ సంచికలు కలిపి ఒక వాల్యూమ్‌గా వస్తుంది. మామూలు పుస్తకాల షాపుల్లో, ఆన్‌లైన్‌లో, లైబ్రరీల్లో దొరుకుతుంది. జపాన్ మాంగా వాల్యూమ్‌లు కూడా ఈ దారిలోనే అమ్ముడవుతాయి.

కష్టాల్లో ఉన్నది మొదటి రకం. మార్వెల్, డీసీ కంపెనీలు దశాబ్దాలుగా నమ్ముకున్నది దాన్నే.

పది సెంట్ల పుస్తకం.. పాఠకుడి ఉత్తరం

1938లో యాక్షన్ కామిక్స్ తొలి సంచికతో సూపర్‌మ్యాన్ వచ్చాడు. ధర 10 సెంట్లు. 1940ల్లో కెప్టెన్ మార్వెల్ అడ్వెంచర్స్ లాంటివి ఒక్కో సంచిక 10 లక్షల కాపీలు దాటాయి. మందుల షాపులు, కిరాణా కొట్లు, పేపర్ స్టాండ్లు.. ఎక్కడ చూసినా కామిక్స్ ఉండేవి. అమ్మతో సరుకులకు వెళ్లిన పిల్లాడి కంట్లో పడేవి. జేబులో చిల్లరతో కొనేసుకునేవాడు.

1954లో పెద్ద దెబ్బ తగిలింది. కామిక్స్ వల్ల పిల్లలు చెడిపోతున్నారంటూ సైకియాట్రిస్ట్ ఫ్రెడ్రిక్ వెర్తమ్ పుస్తకం రాశారు. సెనేట్ కమిటీ విచారణ జరిపింది. పబ్లిషర్లు భయపడి తమకు తామే 'కామిక్స్ కోడ్' పెట్టుకున్నారు. క్రైమ్, హారర్ కథలు దాదాపు కనుమరుగయ్యాయి.

1961లో ఫెంటాస్టిక్ ఫోర్, 1962లో స్పైడర్‌మ్యాన్‌తో మార్వెల్ మళ్లీ ఊపు తెచ్చింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ పుస్తకాల చివర పాఠకుల ఉత్తరాల పేజీ ఉండేది. ఎడిటర్ స్టాన్ లీ వాటికి సరదాగా, స్నేహితుడిలా జవాబులు ఇచ్చేవారు. కథలో తప్పు పట్టుకుని, దానికి సర్దుబాటు కూడా చెప్పిన పాఠకుడికి 'నో ప్రైజ్' పంపేవారు. కవర్ తెరిచి చూస్తే లోపల ఏమీ ఉండదు, ఖాళీ కవరే బహుమతి! అయినా దాని కోసం ఫ్యాన్స్ పోటీ పడేవాళ్లు. తమ మాట అవతల ఎవరో వింటున్నారన్న నమ్మకం అది.

అసలు మలుపు: షాపే కస్టమర్ అయిపోయిన రోజు

1970ల్లో పేపర్ స్టాండ్ల అమ్మకాలు పడిపోయాయి. అమ్ముడుపోని కాపీలు పబ్లిషర్‌కు తిరిగి వచ్చేవి. ఆ నష్టం పెద్దది. అప్పుడే న్యూయార్క్‌కు చెందిన ఫిల్ సూలింగ్ అనే వ్యాపారి కొత్త పద్ధతి తెచ్చారు. దాన్నే 'డైరెక్ట్ మార్కెట్' అంటారు.

పద్ధతి సింపుల్. కామిక్ షాపుకు ఎక్కువ డిస్కౌంట్ ఇస్తారు. బదులుగా, మిగిలిన కాపీలు వెనక్కి తీసుకోరు. షాపు యజమాని రెండు మూడు నెలల ముందే క్యాటలాగ్ చూసి, ఏ పుస్తకం ఎన్ని కాపీలు కావాలో ఆర్డర్ పెట్టాలి. అమ్ముడుపోతే లాభం ఆయనది. పోకపోతే నష్టమూ ఆయనదే.

పబ్లిషర్‌కు ఇది వరంలా కనిపించింది. రిస్క్ లేదు, ఎన్ని కాపీలు ప్రింట్ చేయాలో ముందే తెలుస్తుంది. నిజానికి ఆ రోజుల్లో పరిశ్రమను నిలబెట్టింది కూడా ఈ పద్ధతే. చిన్న పబ్లిషర్లకు, కొత్త తరహా కథలకు దారి దొరికింది కూడా దీని వల్లే.

కానీ చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ రోజు నుంచి పబ్లిషర్ దృష్టిలో 'అమ్మకం' అంటే షాపు పెట్టిన ఆర్డర్. షాపు నుంచి ఆ పుస్తకాన్ని పాఠకుడు ఇంటికి తీసుకెళ్లాడా, లేక అది అట్టపెట్టెలోనే ఉండిపోయిందా అన్నది పబ్లిషర్ లెక్కలోకి రాదు. పుస్తకం బాగుందో లేదో తెలియకముందే డబ్బు వచ్చేస్తుంది. తర్వాత ఫ్యాన్స్‌ను ఇబ్బంది పెట్టిన నిర్ణయాల్లో చాలావాటికి వేరు ఈ ఒక్క ఏర్పాటులోనే కనిపిస్తుంది.

1991: 80 లక్షల కాపీల భ్రమ

1991లో మార్వెల్ ఎక్స్-మెన్ పేరుతో కొత్త సిరీస్ మొదలుపెట్టింది. రచన క్రిస్ క్లేర్‌మాంట్, బొమ్మలు జిమ్ లీ. నంబర్ 1 సంచికకు ఐదు రకాల కవర్లు వేశారు. 80 లక్షలకు పైగా కాపీలకు ఆర్డర్లు వచ్చాయి. గిన్నిస్ రికార్డు.

మరుసటి ఏడాది డీసీ ఏకంగా సూపర్‌మ్యాన్‌ను చంపేసింది. 1992 నవంబర్‌లో వచ్చిన 75వ సంచికను నల్ల కవర్లో సీల్ చేసి, లోపల సంతాపపు బ్యాడ్జీ పెట్టి అమ్మారు. టీవీ న్యూస్‌లో వచ్చింది. షాపుల ముందు క్యూలు కట్టారు. లక్షల కాపీలు పోయాయి.

అయితే కొన్నవాళ్లలో చాలామంది చదవడానికి కొనలేదు. పాత యాక్షన్ కామిక్స్ సంచికలు వేల డాలర్లు పలుకుతున్నాయని విని, 'ఇది కూడా రేపు లక్షలు పలుకుతుంది' అని పదేసి కాపీలు కొని దాచుకున్నారు. పాత కామిక్స్‌కు ధర వచ్చింది అవి అరుదుగా మిగలడం వల్ల. 80 లక్షల కాపీలు ఉన్నది అరుదైన వస్తువు ఎలా అవుతుంది? ఆ ఎక్స్-మెన్ సంచిక ఇప్పటికీ చవగ్గా దొరుకుతుంది.

ఈ సంగతి అర్థమయ్యాక కొనేవాళ్లు ఒక్కసారిగా మాయమయ్యారు. ఆర్డర్లు పెట్టిన షాపుల్లో స్టాక్ గుట్టలుగా మిగిలిపోయింది. వెనక్కి ఇచ్చే వీల్లేదు కదా! 1993 తర్వాత కొన్నేళ్లలోనే వేల సంఖ్యలో షాపులు మూతపడ్డాయి.

అదే టైమ్‌లో మార్వెల్ ఇంకో తప్పు చేసింది. 1994 చివర్లో హీరోస్ వరల్డ్ అనే డిస్ట్రిబ్యూషన్ కంపెనీని కొని, తన పుస్తకాలన్నీ దాని ద్వారానే ఇస్తానంది. అంత సరుకును మోసే సత్తా దానికి లేదు. మిగతా పబ్లిషర్లు కూడా తలా ఒక డిస్ట్రిబ్యూటర్‌తో ఎక్స్‌క్లూజివ్ డీల్స్ చేసుకున్నారు. చివరికి 1996 డిసెంబర్ 27న మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది. 1997 నాటికి రంగంలో పెద్ద డిస్ట్రిబ్యూటర్‌గా డైమండ్ ఒక్కటే మిగిలింది.

స్పైడర్‌మ్యాన్ ఫ్యాన్స్‌కు రెండు షాకులు

వ్యాపారం ఇలా ఉంటే, కథల్లో ఏం జరిగిందో తెలియాలంటే స్పైడర్‌మ్యాన్‌ను చూస్తే చాలు.

మొదటి షాక్ క్లోన్ సాగా. 1994లో పీటర్ పార్కర్ క్లోన్ ఒకడు తిరిగొచ్చాడు. కొద్ది నెలల్లో ముగించాలన్నది అసలు ప్లాన్. అమ్మకాలు బాగుండటంతో సాగదీశారు. 1995లో బాంబు పేల్చారు. ఇన్నేళ్లూ మీరు చదివిన పీటరే క్లోన్, కొత్తగా వచ్చినవాడే అసలైనవాడు అన్నారు! 20 ఏళ్లుగా ఫాలో అవుతున్న పాఠకులకు ఎలా ఉంటుంది? మీరు ఇన్నేళ్లు అభిమానించింది నకిలీని అని మొహం మీదే చెప్పినట్టైంది. గగ్గోలు పుట్టింది. చివరికి 1996 డిసెంబర్‌లో మాట మార్చి, పీటరే అసలువాడని తేల్చారు. అప్పటికే చాలామంది పుస్తకం కొనడం మానేశారు.

రెండో షాక్ పెళ్లి రద్దు. 1987లో పీటర్, మేరీ జేన్‌ల పెళ్లి జరిగింది. న్యూయార్క్ షే స్టేడియంలో వేషాలు వేసి నిజం పెళ్లిలా చేస్తే స్టాన్ లీనే దగ్గరుండి జరిపించారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2007లో 'వన్ మోర్ డే' అనే కథ వచ్చింది. చావుబతుకుల్లో ఉన్న ఆంట్ మే ప్రాణం కోసం పీటర్ ఒక దెయ్యంతో బేరం కుదుర్చుకుంటాడు. ప్రాణానికి బదులు ఆ దెయ్యం అడిగింది వాళ్ల పెళ్లిని. దాంతో ఆ పెళ్లి అసలు జరగనే లేదన్నట్టు చరిత్రలోంచే తుడిచేశారు.

పెళ్లైన హీరో కుర్రాళ్లకు పెద్దాయనలా కనిపిస్తాడు, బ్రహ్మచారి అయితేనే కథలు పండుతాయి అన్నది ఎడిటర్ల వాదన. కానీ పాఠకులు పీటర్‌తో పాటే పెరిగారు. వాళ్లకూ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. తమలాగే ఈఎంఐల గురించి బెంగపడే హీరో వాళ్లకు కావాలి. ఆ కథ రాసిన జె. మైకేల్ స్ట్రజిన్స్కీనే ముగింపు తనకు నచ్చలేదని బయటకు చెప్పారంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

'ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?' జవాబు లేని ప్రశ్న

2019 మార్చిలో కెప్టెన్ మార్వెల్ సినిమా వచ్చింది. 110 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. సినిమా నచ్చిన ఓ అమ్మాయి కామిక్ షాపుకు వెళ్లి, 'కెప్టెన్ మార్వెల్ మొదటి పుస్తకం ఇవ్వండి' అని అడిగిందనుకోండి. షాపు ఆయన ఏదిస్తాడు?

ఎందుకంటే 2012లో ఒక నంబర్ 1 వచ్చింది. 2014లో ఇంకోటి. 2016లో మరోటి. 2017లో ఒకటి, 2019లో మళ్లీ ఒకటి. ఏడేళ్లలో ఐదు 'మొదటి సంచికలు'!

ఇలా ఎందుకు చేస్తారు? నంబర్ 1 అనగానే షాపులు ఎక్కువ కాపీలు ఆర్డర్ చేస్తాయి. రెండో నెల పడిపోతుంది, మూడో నెల ఇంకా పడిపోతుంది. మళ్లీ నంబర్ 1 వేస్తారు. ఆర్డర్ల గ్రాఫ్ ఒక్క నెల పైకి లేస్తుంది. పాత పాఠకుడికి మాత్రం 'ఇక్కడితో ఆపేయొచ్చు' అని చెప్పినట్టవుతుంది.

వేరియంట్ కవర్లదీ ఇదే వరస. 25 మామూలు కాపీలు ఆర్డర్ చేస్తేనే ఒక స్పెషల్ కవర్ కాపీ ఇస్తామంటారు. ఆ ఒక్క కాపీని ఎక్కువ రేటుకు అమ్ముకోవచ్చని షాపు తనకు అక్కర్లేని కాపీలూ తెప్పించుకుంటుంది. పబ్లిషర్ లెక్కల్లో అమ్మకాలు పెరిగాయి. చదివే మనిషి ఒక్కడు కూడా పెరగలేదు.

ఇక క్రాస్ఓవర్ ఈవెంట్లు. 2006లో మార్వెల్ సివిల్ వార్ మెయిన్ కథ ఏడు సంచికలే. దానికి అనుబంధంగా పదుల కొద్దీ సంచికలు వచ్చాయి. తనకిష్టమైన ఒక్క హీరో పుస్తకం కొనే పాఠకుడు, కథ అర్థం కావాలంటే పది పుస్తకాలు కొనాలి. ఒకసారి కొంటాడు, రెండోసారి కొంటాడు. ఏడాదికో ఈవెంట్ అంటే ఎవరైనా అలసిపోతారు.

2011 సెప్టెంబర్‌లో డీసీ మరీ పెద్ద అడుగు వేసింది. 'న్యూ 52' పేరుతో పాత కథలన్నీ ఆపేసి, 52 పుస్తకాలను నంబర్ 1 నుంచి మొదలుపెట్టింది. మొదట్లో అమ్మకాలు అదిరిపోయాయి. కొత్తవాళ్లూ వచ్చారు. కానీ దశాబ్దాల నాటి స్నేహాలు, ప్రేమలు, జ్ఞాపకాలు కథలోంచి పోయాయని పాతవాళ్లు నొచ్చుకున్నారు. ఊపు తగ్గాక 2016లో 'రీబర్త్' పేరుతో పోయినవాటిని వెనక్కి తెచ్చే పనిలో పడింది అదే డీసీ.

రేటు సంగతేంటి?

1962లో స్పైడర్‌మ్యాన్ తొలి కథ వచ్చిన పుస్తకం ధర 12 సెంట్లు. ఇవాళ్టి డబ్బుల్లో చూస్తే సుమారు ఒకటింబావు డాలర్. ఇప్పుడు 20 పేజీల కథకు 3.99 లేదా 4.99 డాలర్లు. మధ్యలో 2010లో డీసీ రేటును 2.99 దగ్గర ఆపుతామని ప్రకటించింది. అయితే అదే చేత్తో కథను 22 పేజీల నుంచి 20కి తగ్గించింది!

పావుగంటలో అయిపోయే పుస్తకానికి ఐదు డాలర్లు. అదీ మధ్యలో ఆగిపోయే కథ. పక్కనే జపాన్ మాంగా వాల్యూమ్ ఉంటుంది. పది పన్నెండు డాలర్లకు 200 పేజీల దాకా కథ. వాల్యూమ్‌పై నంబర్ 1, 2, 3 అని వరసగా ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో అడగాల్సిన పనే లేదు. చేతిలో పాకెట్ మనీ ఉన్న పిల్లాడు ఏది కొంటాడు?

కొత్త హీరోలు రావడం వల్లే పడిపోయాయా?

మహిళా హీరోలు, నల్లజాతి హీరోలు, ముస్లిం హీరోలు ఎక్కువైపోవడం వల్లే పాఠకులు పోయారన్న వాదన ఒకటి గట్టిగా వినిపిస్తుంది. 2017 మార్చిలో మార్వెల్ సేల్స్ అధికారి ఒకరు, కొందరు షాపు యజమానులు తమతో ఇలాగే అన్నారని చెప్పడంతో పెద్ద దుమారం రేగింది. తర్వాత ఆయన వివరణ ఇచ్చుకున్నారు.

వాస్తవాలు ఏం చెబుతున్నాయి? 2014లో మిస్ మార్వెల్‌గా కమలా ఖాన్ సొంత పుస్తకం మొదలైంది. న్యూజెర్సీలో పెరిగే పాకిస్తానీ మూలాల అమ్మాయి కథ అది. మొదటి వాల్యూమ్‌కు 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. డిజిటల్‌లో, పుస్తకాల షాపుల్లో బాగా పోయింది. మైల్స్ మొరాలెస్ 2011లో కామిక్స్‌లోకి వచ్చాడు. అతడి సినిమా ఆస్కార్ గెలిచింది.

అంటే కొత్త ముఖాలను జనం తిప్పికొట్టలేదు. అయితే పాత హీరోలను ఒకేసారి పక్కకు తప్పించి, అదే పేరు కొత్తవారికి ఇస్తే పాతవాళ్లకు బాధ కలగడం సహజం. 2016లో కెప్టెన్ అమెరికాను శత్రువుల హైడ్రా ఏజెంట్‌గా చూపించినప్పుడు కూడా గొడవ ఇలాంటిదే. 1941లో హిట్లర్‌ను కొట్టే కవర్‌తో పుట్టిన హీరో అతడు. ఆ పాత్ర మీద ప్రేమ ఉన్నవాళ్ల మనసు గాయపడింది.

ఇక్కడ ఇంకో సంగతి. కమలా ఖాన్ పాఠకులు కామిక్ షాపుల్లో కాకుండా బయట ఎక్కువగా ఉన్నారు. నెలవారీ ఆర్డర్ల లెక్కలో వాళ్లు కనిపించరు. పబ్లిషర్ చూసే అద్దం అలాంటిది మరి!

మరి చదివేవాళ్లంతా ఎక్కడికెళ్లారు?

ఐసీవీ2, కామిక్రాన్ సంస్థల ఉమ్మడి అంచనా ప్రకారం 2021లో అమెరికా, కెనడాల్లో అన్ని రకాల కామిక్స్ అమ్మకాలు కలిపి 207.5 కోట్ల డాలర్లు. 2020లో ఇది 128 కోట్లే. ఆ 207.5 కోట్లలో గ్రాఫిక్ నవలలు, మాంగా వాటా 147 కోట్లు. నెలవారీ సంచికలది 43.5 కోట్లు. మిగతాది డిజిటల్. కరోనా ఊపు తగ్గాక మొత్తం మార్కెట్ కొంత దిగింది. అయినా బొమ్మర స్పష్టంగానే ఉంది. ఐదు డాలర్లలో సుమారు ఒక డాలరే నెలవారీ పుస్తకానిది.

పిల్లల సంగతి చూస్తే ఇంకా ఆశ్చర్యం. డేవ్ పిల్కీ రాసే 'డాగ్ మ్యాన్' సిరీస్‌లో 2019లో వచ్చిన ఓ పుస్తకానికి తొలి ముద్రణే 50 లక్షల కాపీలు. రైనా టెల్గెమియర్ తన సొంత బాల్యం గురించి రాసి, బొమ్మలు గీసిన 'గట్స్' పుస్తకానికి తొలి ముద్రణ 10 లక్షలు. కేప్ కట్టుకుని ఎగిరే సూపర్‌హీరోల పుస్తకాలు కావివి. స్కూల్ పుస్తక మేళాల్లో, లైబ్రరీల్లో, మామూలు షాపుల్లో దొరుకుతాయి. ఒకప్పుడు కిరాణా కొట్టులో కామిక్ పుస్తకం పిల్లాడి కంట్లో పడినట్టే!

జపాన్ రహస్యం.. ఒక పోస్ట్‌కార్డు

జపాన్‌లో 'వీక్లీ షోనెన్ జంప్' 1968లో మొదలైంది. 1990ల మధ్యలో ఒక దశలో 65 లక్షల కాపీలు దాటింది. డ్రాగన్ బాల్, వన్ పీస్, నరుటో, డీమన్ స్లేయర్.. అన్నీ అందులో వచ్చినవే.

ఆ పత్రికతో పాటు ఒక పోస్ట్‌కార్డు ఉండేది. ఈ వారం మీకు బాగా నచ్చిన కథలేవో రాసి పంపండి అని. ఆ ఓట్లతో ర్యాంకులు వేసేవారు. వెనకబడిన కథను కొద్ది నెలల్లోనే ముగించేవారు. ఆర్టిస్టులకు ఇది నరకమే. వారంవారం గడువు, ఎప్పుడు ఆపేస్తారో తెలియని టెన్షన్. ఆరోగ్యాలు పాడైనవాళ్లున్నారు. ఆ పద్ధతిని మొత్తంగా మెచ్చుకోలేం. కానీ పాఠకుడు చదివాక ఏమనుకున్నాడన్నది ఎడిటర్‌కు వారం వారం తెలిసేది. అమెరికా పబ్లిషర్‌కు తెలిసేది, పాఠకుడు చదవకముందు షాపు ఏమనుకుందన్నదే.

ఇప్పుడు షోనెన్ జంప్ కాపీలు కూడా బాగా తగ్గాయి. అయితే పాఠకుడితో పాటే ఫోన్‌లోకి వచ్చేసింది. 2018 డిసెంబర్‌లో అమెరికాలో నెలకు 1.99 డాలర్లకే పాత కథలన్నీ చదువుకునే ఆఫర్ పెట్టారు. కొత్త భాగాలు జపాన్‌లో వచ్చిన రోజే ఫ్రీ. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్ సినిమా మన థియేటర్లలో తెలుగు డబ్బింగ్‌తో రిలీజై ఎంత సందడి చేసిందో చూశాం.

2025: డైమండ్ కూలిపోయింది

కరోనా టైమ్‌లో 2020 మార్చిలో డైమండ్ కొత్త పుస్తకాల సప్లై ఆపేసింది. ఒక్క కంపెనీ ఆగితే దేశం మొత్తం ఆగిపోయింది. అదే ఏడాది డీసీ దానికి గుడ్‌బై చెప్పింది. 2021లో మార్వెల్ పెంగ్విన్ రాండమ్ హౌస్‌కు మారింది. చివరికి 2025 జనవరి 14న డైమండ్ దివాలా పిటిషన్ వేసింది.

పెద్ద కంపెనీలు ముందే తప్పుకున్నాయి. దెబ్బ తగిలింది చిన్న పబ్లిషర్లకు. రావాల్సిన బకాయిలు ఆగాయి. గోదాముల్లో కన్‌సైన్‌మెంట్ కింద పెట్టిన పుస్తకాలు ఎవరివన్న గొడవ కోర్టుకెక్కింది. సినిమాలు కోట్లు తెచ్చే కంపెనీకి కామిక్ నష్టం పెద్ద లెక్కలోది కాదు. ఊళ్లో షాపు నడిపే మనిషికి, పేజీకి ఇంత అని బొమ్మలు గీసే ఆర్టిస్టుకు మాత్రం అదే బతుకు.

అయితే ఫ్యాన్స్ ఏం చెబితే అది చేసేయాలా?

అదీ కాదు. గట్టిగా అరిచే ఫ్యాన్స్ వేరు, డబ్బులిచ్చి చదివే పాఠకులు వేరు. పైగా ఉన్న ఫ్యాన్స్‌ను మాత్రమే చూసుకుంటూ పోతే, నలభై ఏళ్ల కథ తెలిసినవాళ్లకే అర్థమయ్యే పుస్తకాలు వస్తాయి. పదేళ్ల పిల్లాడికి తలుపు మూసేసినట్టే. పబ్లిషర్లు ఈ తప్పు కూడా చేశారు.

2024లో దీనికి మంచి జవాబు దొరికింది. జనవరిలో మార్వెల్ కొత్త 'అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్' తెచ్చింది. రచన జొనాథన్ హిక్‌మన్, బొమ్మలు మార్కో చెకెట్టో. ఇందులో పీటర్‌కు పెళ్లైంది. భార్య మేరీ జేన్. ఇద్దరు పిల్లలు. 2007 నుంచి ఫ్యాన్స్ అడుగుతున్నది ఇదే కదా! మొదటి సంచిక మళ్లీ మళ్లీ ప్రింట్ చేయాల్సి వచ్చింది. విశేషం ఏంటంటే ఇది మొదటి నుంచి మొదలయ్యే కథ. పాతవి ఒక్కటీ చదవకపోయినా అర్థమవుతుంది. పాతవాళ్ల కోరిక తీరింది, కొత్తవాళ్లకు తలుపు తెరుచుకుంది.

అదే ఏడాది అక్టోబర్‌లో డీసీ 'అబ్సొల్యూట్ బ్యాట్‌మ్యాన్' తెచ్చింది. స్కాట్ స్నైడర్, నిక్ డ్రగోటాల ఈ బ్యాట్‌మ్యాన్‌కు బంగళా లేదు, ఆస్తి లేదు. కష్టపడి పనిచేసుకునే కుటుంబం వాడు. ఇదీ మళ్లీ మళ్లీ ప్రింట్ అయింది. పాఠకులు ఉన్నారని, మంచి కథ సరైన చోట మొదలైతే కొంటారని రెండూ చూపించాయి.

మన చందమామ కథ కూడా ఇదేనా?

పూర్తిగా ఒకటి కాదు, పోలిక మాత్రం ఉంది. చందమామ 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి చేతుల మీదుగా తెలుగు, తమిళ భాషల్లో మొదలైంది. కొడవటిగంటి కుటుంబరావు కథలను తీర్చిదిద్దారు. చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ బొమ్మలు వేశారు. విక్రమార్కుడు, బేతాళుడు తెలియని తెలుగు ఇల్లు లేదు. 2007లో ముంబైకి చెందిన సాఫ్ట్‌వేర్ కంపెనీ జియోడెసిక్ చేతికి వెళ్లింది. తర్వాత కొన్నేళ్లకే ప్రింట్ ఆగిపోయింది.

పాత సంచికలను ఇప్పటికీ వెతికి మరీ చదువుతున్నారు. అంటే అభిమానం పోలేదు, అందించే ఏర్పాటు పోయింది. అమెరికా కామిక్స్ విషయంలో జరిగింది కూడా ఇంచుమించు ఇదే.

క్విక్‌గా.. మీ డౌట్లకు జవాబులు

కామిక్స్ చచ్చిపోతున్నాయా?
లేదు. నెలవారీ సంచిక చిక్కిపోయింది. గ్రాఫిక్ నవలలు, మాంగా, ఫోన్ కామిక్స్ నడుస్తున్నాయి.

సినిమాలు హిట్టైతే పుస్తకాల సేల్స్ పెరగవా?
కొంత పెరుగుతాయి. కానీ కొత్త పాఠకుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వెనక్కి వెళ్లిపోతాడు. చాలా ఊళ్లలో అసలు షాపే ఉండదు.

కామిక్స్ కొని దాచుకుంటే డబ్బులొస్తాయా?
1990ల్లో లక్షల మంది ఇలాగే నమ్మి దెబ్బతిన్నారు. అందరూ దాచుకున్న వస్తువుకు ధర రాదు.

కొత్తగా చదవాలనుకుంటే ఏది కొనాలి?
నెలవారీ సంచికలతో కాకుండా వాల్యూమ్ 1 అని ఉన్న పుస్తకంతో మొదలుపెట్టండి. కథ మధ్యలో ఆగదు, ఖర్చూ తక్కువ.

మార్పు రావాలంటే ఏం కావాలి?
ఎన్ని కాపీలు ఆర్డర్ అయ్యాయన్నది కాదు, ఎంతమంది చదివారు, ఎంతమంది రెండో పుస్తకానికి మళ్లీ వచ్చారన్నది లెక్క పెట్టాలి. ఒకప్పుడు ఖాళీ కవర్ పంపి అయినా పాఠకుడిని పలకరించిన పరిశ్రమకు అది కష్టమైన పనేం కాదు.